కుంచె పట్టి కూర్చోవడం: బౌద్ధ ధ్యాన పద్ధతిలో సిరాచిత్ర సాధనకు సమగ్ర మార్గదర్శి

బొమ్మ వేసే ప్రతివాళ్లకీ ఒకటి తెలుసు. గీత ఇంకా ఆరనే ఆరదు, లోపల నుంచి తీర్పు వచ్చేస్తుంది: బాగొచ్చింది, లేదా చెడిపోయింది. ఆ తీర్పు వెనకాలే ఉత్సాహమో చిరాకో వస్తుంది. ఆ ఊపులోనే తర్వాతి గీత పడుతుంది. డ్రాయింగ్ క్లాసులో గీతను దిద్దడం నేర్పుతారు. ఇక్కడ నేను చెప్పబోయేది ఆ తీర్పును చూడటం గురించి. చెయ్యి గీసినదానికీ, దాని మీద మనసు అనే మాటకీ మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి కుంచె, సిరా, కాగితం చాలా బాగా పనికొస్తాయి.

ఇందుకు నేను ఎంచుకున్నది నల్ల సిరాతో వేసే చిత్రం. చైనాలో చాన్ అనీ, జపాన్‌లో జెన్ అనీ పిలిచే బౌద్ధ సంప్రదాయంలో భిక్షువులు శతాబ్దాలుగా ఈ పద్ధతిలో బొమ్మలు వేశారు. 13వ శతాబ్దంలో చైనాకు చెందిన ముచీ, 15వ శతాబ్దంలో జపాన్‌కు చెందిన సెషూ, ఆ తర్వాత హకుయిన్ (1686–1769), సెంగాయ్ (1750–1837) ఈ దారిలో పెద్ద పేర్లు. వీళ్లలో హకుయిన్ తన బొమ్మల్లో ఎక్కువ భాగం అరవై దాటాకే వేశాడు. "ఈ వయసులో నాకేం వస్తుందండీ" అనేవాళ్లకు ముందు ఆయన పేరే చెబుతాను.

ఇది మనకు మరీ దూరపు సంగతి కూడా కాదు. జెన్ వాళ్లు చెప్పుకునే గురుపరంపరలో 14వ భారతీయ గురువు నాగార్జునుడు. శాతవాహనుల కాలంతోనూ, శ్రీపర్వతంతోనూ సంప్రదాయం ముడిపెట్టే ఆ ఆచార్యుడే. ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదని, అన్నీ వేరేవాటిని ఆనుకునే పుడతాయని ఆయన వాదించాడు. తడి కాగితం మీద సిరా పాకుతుంటే ఆ మాట కళ్లముందే కనిపిస్తుంది. ఆ గీతలో మీ చెయ్యి ఉంది, కుంచెలో మిగిలిన నీళ్లు ఉన్నాయి, కాగితంలోని పీచు ఉంది, ఆ పూట గదిలో ఉన్న ఉక్క ఉంది. వీటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే గీత.

రంగులు వద్దు, సిరాయే ఎందుకు

పెన్సిల్‌తో మొదలుపెడితే పక్కనే రబ్బరు ఉంటుంది. గీత నచ్చలేదు, చెరిపేస్తాం. నచ్చకపోవడం అనే అనుభవం అర సెకను కూడా నిలవకుండా పనిగా మారిపోతుంది, ఇక దాన్ని చూసే వీలే ఉండదు. సిరాకు ఆ సౌకర్యం లేదు. పడింది పడినట్టే ఉంటుంది. దిద్దబోతే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి నచ్చనిదాని ఎదుట ఊరికే కూర్చోక తప్పదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు ఇది బాగా తెలుసు. చింతబొగ్గుతో ముందే ఎంత గీసుకున్నా, ఒకసారి వెదురు కలం గుడ్డ మీద పెట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

రెండో కారణం, ఒకే రంగు. ఏ ఎరుపు వాడాలి, పక్కన ఏ పచ్చ పెట్టాలి అన్న ఆలోచనలో అరగంట ఇట్టే గడిచిపోతుంది. నలుపుతో ఆ గొడవ లేదు.

కావలసిన సామాను

కుంచె ఒక్కటి చాలు. తడిపితే మొన సన్నగా ఒక్కచోట కలవాలి, కడుపు భాగం నీళ్లు బాగా పట్టాలి. మేక వెంట్రుకల కుంచె మెత్తగా ఉండి చాలా సిరా పీలుస్తుంది, కానీ కొత్తవాళ్ల చేతిలో వాలిపోతుంది. వీజిల్ అనే చిన్న జంతువు వెంట్రుకలది బిగువుగా ఉంటుంది. రెండూ కలిపి చేసినవి ఉంటాయి, మొదటిసారి అదే కొనండి. ఆన్‌లైన్‌లో సుమి బ్రష్ అనో, చైనీస్ కాలిగ్రఫీ బ్రష్ అనో వెతికితే దొరుకుతుంది. లేదంటే వాటర్‌కలర్లకు వాడే పది, పన్నెండు నంబర్ల గుండ్రటి బ్రష్‌తో పని జరుగుతుంది. కొత్త కుంచెకు జిగురు పట్టించి గట్టిగా చేసి అమ్ముతారు. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, వేళ్లతో నిదానంగా విప్పాలి. వేడినీళ్లు పోస్తే వెంట్రుకలు ఊడిపోతాయి.

సిరా కడ్డీ రూపంలో దొరికితే మంచిది. దాన్ని నూరుకునే రాయి కూడా కావాలి. మసిని జిగురుతో కలిపి, అచ్చులో పెట్టి ఆరబెడితే ఆ కడ్డీ తయారవుతుంది. పైన్ కట్టెల మసితో చేసిన నలుపులో కాస్త నీలి ఛాయ ఉంటుంది, నూనెదీపం మసితో చేసినదానిలో వెచ్చటి గోధుమ ఛాయ. ఒక విషయం ముందే చెప్పాలి: ఆ జిగురు మామూలుగా జంతువుల నుంచి తీసినది. శాకాహార నియమం గట్టిగా పాటించేవాళ్లు ల్యాంప్ బ్లాక్ అనే వాటర్‌కలర్ ట్యూబు తీసుకోండి. అది మసే, వాటర్‌కలర్లలో జిగురుగా సాధారణంగా తుమ్మబంక వాడతారు. ఐవరీ బ్లాక్ అని రాసి ఉన్నది వద్దు, దాన్ని ఎముకలు కాల్చి చేస్తారు. వాళ్లకు కుంచె కూడా సింథటిక్‌ది దొరుకుతుంది.

స్టేషనరీ షాపుల్లో అమ్మే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు మాత్రం వాడకండి. అలాంటి వాటిలో చాలావరకు లక్క ఉంటుంది. కుంచెలో ఒక్కసారి ఆరిందా, ఆ కుంచె ఇక పనికిరాదు.

కాగితం దగ్గర చాలామంది పొరపాటు పడతారు. చైనాలో ఆన్హుయ్ ప్రాంతపు షువాన్ కాగితం, జపాన్ చేతికాగితం ఎంతో అందంగా ఉంటాయి. మొదటి మూడు నెలలు వాటి జోలికి వెళ్లకండి. ఖరీదైన కాగితం ముందు చెయ్యి భయపడుతుంది, ఆ భయం మిగతా అన్నింటినీ కప్పేస్తుంది. అచ్చు లేని న్యూస్‌ప్రింట్ షీట్లు ఒక కట్ట తెచ్చుకోండి. అవి సిరాను బాగా పీలుస్తాయి, ఎన్ని పాడైనా బెంగ ఉండదు. కింద పరచడానికి పాత ఉన్ని దుప్పటి ముక్క, నీళ్లకు రెండు గిన్నెలు, కుంచె తుడవడానికి నూలుగుడ్డ. అంతే.

ముందుగా, ఏమీ పట్టుకోకుండా

రోజూ ఒకే వేళ, ఒకే చోటు పెట్టుకోండి. నలభై నిమిషాలు దొరికితే బాగుంటుంది, ఇరవై ఐదుతోనూ నడుస్తుంది. ఫోన్ వేరే గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే సరిపోదు, బొమ్మ పూర్తవగానే చెయ్యి ముందు దానివైపే వెళుతుంది.

నేల మీద కూర్చోగలిగితే పొట్టి బల్ల, లేదంటే కుర్చీ, టేబుల్. మొదటి పది నిమిషాలు ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం. తెలుగువాళ్లలో చాలామందికి ఇది పరిచయమే కాబట్టి ఎక్కువ చెప్పను. శ్వాస పొడుగ్గా వస్తే పొడుగ్గా వచ్చిందని తెలుసుకోవాలి, పొట్టిగా వస్తే పొట్టిగా వచ్చిందని తెలుసుకోవాలి. దాన్ని మార్చకూడదు. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి, కుంచె పట్టాక మళ్లీ అవసరమవుతుంది.

సిరా నూరడం

నన్నడిగితే ఈ మొత్తం సాధనలో సగం ఇక్కడే ఉంది. హడావిడిలో దీన్ని దాటేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

సిరా రాయికి ఒకవైపు చదునుగా ఉంటుంది, మరోవైపు పల్లం ఉంటుంది. జపాన్‌లో చదునైన భాగాన్ని నేల అనీ, పల్లాన్ని సముద్రం అనీ అంటారు. నేల మీద అర చెంచా నీళ్లు పోయండి. కడ్డీని నిటారుగా పట్టుకుని, సానరాయి మీద గంధం తీసినట్టు, బరువు వేయకుండా గుండ్రంగా తిప్పండి. తొందరపడి గట్టిగా నొక్కితే సిరా గరుకుగా వస్తుంది. మొదట నీళ్లు లేత బూడిద రంగులోకి మారతాయి. కొంతసేపటికి కడ్డీ కింద రాపిడి చప్పుడు తగ్గి, చెయ్యి జిగటగా జారుతున్నట్టు తెలుస్తుంది. ఇంకొంచెంసేపు తిప్పితే కడ్డీ వెళ్లిన దారి రాయి మీద ఒక క్షణం నిలిచి, తర్వాత మూసుకుంటుంది. సిరా సిద్ధమైంది. దాన్ని పల్లంలోకి తోసి, మళ్లీ కొన్ని చుక్కలు పోసి నూరండి. పది, పదిహేను నిమిషాలు పడుతుంది.

ఇంతసేపూ చూడాల్సింది శరీరాన్ని. సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు గమనించమని చెప్పిన నాలుగింటిలో మొదటిది కాయానుపశ్యన, అంటే శరీరాన్ని గమనించడం. భుజం పైకి లేచి ఉందా? పళ్లు బిగిశాయా? మణికట్టు మాత్రమే తిరుగుతోందా, మోచెయ్యి కూడా కదులుతోందా? నూరుడు వేగం పెరిగిందంటే మనసు ముందుకు పరుగెత్తి బొమ్మ దగ్గరికి వెళ్లిపోయిందన్నమాట. వేగం తగ్గించమని నేను చెప్పడం లేదు. పెరిగిందని తెలిస్తే చాలు, దానంతట అదే తగ్గుతుంది.

నూరడం అయ్యాక కడ్డీని రాయి మీద నిలబెట్టి వదిలేయకండి, అతుక్కుపోతుంది. తడి తుడిచి పక్కన పెట్టండి. ట్యూబు వాడేవాళ్లు ఈ మెట్టు వదులుకోనక్కర్లేదు. పింగాణీ సాసరులో కొద్దిగా రంగు వేసి, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ కుంచెతోనే అంతసేపు కలపండి.

ఒకే గీత

మొదటి రెండు మూడు వారాలు బొమ్మలు లేవు. ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత, అంతే.

కుంచెను నీళ్లలో ముంచి, గుడ్డకు అద్ది, సిరాలో మొన నుంచి కడుపు దాకా నింపండి. అంచుకు రాసి మొనను సూటిగా చేయండి. కుంచెను కాగితానికి నిటారుగా పట్టుకోండి. మణికట్టు బల్ల మీద ఆనించవద్దు, మోచెయ్యి గాలిలో ఉండాలి. రాయడానికి అలవాటుపడిన చేతికి ఇది మొదట్లో కష్టం. గీత భుజం నుంచి రావాలి.

మొన ఆనించండి, కొద్దిగా నొక్కండి, లాగండి, ఆపండి, లేపండి. శ్వాస బయటికి వెళ్లడం మొదలైనప్పుడు కుంచె కదిలితే సులువు. అలాగని శ్వాసను సాగదీసి గీతకు అతికించవద్దు. గీత మధ్యలో శ్వాస అయిపోతే అయిపోనివ్వండి.

ఇప్పుడు ఆ గీతను దగ్గరగా చూడండి. మొదట్లో ఒక గుండ్రటి మరక పాకి ఉంటే, అక్కడ మీరు తటపటాయించారు. ఆగినంతసేపూ కాగితం సిరా తాగుతూనే ఉంది. మధ్యలో సన్నటి తెల్లటి చారలు వచ్చి కాగితం కనిపిస్తుంటే, అక్కడ చెయ్యి వేగంగా వెళ్లింది, లేదా కుంచె ఆరిపోయింది. చైనా వాళ్లు దీన్ని ఎగిరే తెలుపు అంటారు, దానికి ప్రత్యేకమైన గౌరవమే ఉంది. గీత చివర తోకలా సాగిపోయి ఉంటే, ముగియకముందే మనసు లేచి వెళ్లిపోయింది. ఒక షీటు మీద పది గీతలు వేసి చూస్తే ఆ పావుగంట మీరు ఎలా ఉన్నారో ఒక క్రమంలో కనిపిస్తుంది.

ప్రతి మరకకూ అర్థం లాగవద్దు. కొన్నిసార్లు కాగితానిదే తప్పు.

తీర్పు దగ్గర ఆగడం

అసలు సాధన ఇది. మిగతావన్నీ దీనికోసమే.

గీత పూర్తవగానే కుంచెను కింద పెట్టండి. చేతిలో ఉంటే తర్వాతి గీత వేసేస్తారు. ఒక పూర్తి శ్వాస, లోపలికి, బయటికి. ఆ సమయంలో గీత వైపు చూస్తూ, లోపల ఏ రుచి ఉందో గమనించండి. సుఖంగా ఉందా, ఇబ్బందిగా ఉందా, రెండూ కాదా? బౌద్ధంలో దీన్ని వేదనానుపశ్యన అంటారు, ఆ నాలుగింటిలో ఇది రెండోది. ఇక్కడ వేదన అంటే బాధ ఒక్కటే కాదు, ఈ మూడు రుచుల్లో ఏదైనా వేదనే. మనసులో ఒక్క మాట అనుకోండి: "నచ్చింది". లేదా "నచ్చలేదు". లేదా "ఏమీ లేదు". అక్కడితో ఆపండి. ఎందుకు నచ్చలేదు, ఎలా దిద్దాలి అన్న చర్చలోకి వెళ్లవద్దు.

తర్వాత అది ఒంట్లో ఎక్కడ ఉందో చూడండి. నచ్చకపోవడం చాలామందికి దవడలోనో, కడుపు పైభాగంలోనో బిగువుగా తెలుస్తుంది. నచ్చడం ఛాతీలో ఒక చిన్న ఉబ్బులా వస్తుంది, దానితోపాటే ఎవరికైనా చూపించాలన్న కోరిక వస్తుంది. విపశ్యన శిబిరాల్లో పది రోజులు కూర్చున్నవాళ్లకు ఈ పని కొత్త కాదు. అక్కడ కళ్లు మూసుకుని చేసినదాన్నే ఇక్కడ కళ్లు తెరిచి చేస్తున్నారు.

ఎందుకింత చిన్నదాని దగ్గర ఆగమంటున్నానంటే, ప్రతీత్యసముత్పాదంలోని, అంటే ఒకదాన్ని ఆనుకుని ఒకటి పుట్టే క్రమంలోని, పన్నెండు కొలికుల్లో స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ (కోరిక), తృష్ణ వల్ల ఉపాదానం (పట్టుకుని వదలకపోవడం) పుడతాయి. కన్ను గీతను తాకడం ఆపలేం. నచ్చడం, నచ్చకపోవడం కూడా మన చేతిలో లేదు. నచ్చినదాన్ని పట్టుకోవడం, నచ్చనిదాన్ని తోసేయడం మాత్రం ఆ తర్వాత జరిగేవి. ఆ సందు చాలా ఇరుకు. రోజువారీ జీవితంలో, ఎవరో ఒక మాట అన్నప్పుడు, ఆ సందు కనిపించేలోపే నోరు జారిపోతుంది. కాగితం ముందు ఎవరూ మనల్ని తొందరపెట్టరు. గీత అలాగే ఉంటుంది, కావలసినంతసేపు చూడవచ్చు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా గమనించండి. చెడిపోయిన గీత కన్నా బాగొచ్చిన గీత ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఒక గీత అద్భుతంగా వస్తుంది. దాన్నే మళ్లీ వేయాలనిపిస్తుంది. వేస్తారు, అది బిగుసుకుపోయి వస్తుంది. ఇంకోటి వేస్తారు, అది ఇంకా అధ్వాన్నం. ఐదారు గీతలయ్యేసరికి విసుగు, ఇంకాసేపటికి నాకిది రాదన్న నిర్ణయం. మొదటి గీత ఇచ్చిన సంతోషమే ఇంతదూరం తెచ్చింది. ఉపాదానం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఐదారు గీతలు చూపించినంత స్పష్టంగా తెలియదు. ఆ షీటు మాత్రం పారేయకుండా తేదీ వేసి దాచుకోండి.

తీర్పు రాకుండా చేసుకోవాలని ప్రయత్నించకండి. నాకు తీర్పులే రావట్లేదు అనుకోవడం కూడా ఒక నచ్చడమే.

అడ్డంకులు కాగితం మీద ఎలా కనిపిస్తాయి

ధ్యానానికి అడ్డుపడేవాటిని బౌద్ధులు పంచ నీవరణాలు అన్నారు. కూర్చుని ధ్యానం చేసేటప్పుడు వాటిని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే చూసే మనసే వాటిలో మునిగి ఉంటుంది. సిరాకు ఒక ఉపకారం ఉంది, అది జాడ వదిలిపెడుతుంది.

కామచ్ఛందం, అంటే కావాలి కావాలి అనే తపన. ఇది ఎక్కువ సిరాగా, ఎక్కువ గీతలుగా కనిపిస్తుంది. బొమ్మ పూర్తయ్యాక కూడా ఇంకో ఆకు, ఇంకో కొమ్మ వేస్తూనే ఉంటాం. దీనికి మందు తేలికే: ముందే ఎన్ని గీతలో నిర్ణయించుకుని, అక్కడ ఆగిపోవడం. వ్యాపాదం, అంటే కోపం, విముఖత, కుంచె మొన చీలిపోవడంలో తెలుస్తుంది. కుంచెను నేలకేసి రాసినట్టు నొక్కుతాం, వెంట్రుకలు విడిపోతాయి. అప్పుడు ఆపి, కుంచెను నీళ్లలో కడిగి, మొన మళ్లీ కలిపి మొదలుపెట్టాలి. ఆ కడగడంలోనే సగం చల్లారుతుంది. బద్ధకం, మగత కమ్మినప్పుడు గీతలు లేతగా, నీళ్లగా, ఒకేలా వస్తాయి. లేచి నిలబడి వేయండి. కాగితాన్ని నేల మీద పరిచి వంగి వేస్తే ఇంకా మంచిది.

నాలుగోది, ఔద్ధత్య కౌకృత్యం, ఈ కాలపు టెన్షన్‌కు దగ్గరి చుట్టం. ఒక గీత వేస్తూ గత గీత గురించి బాధ, రాబోయే గీత గురించి ఆత్రం. గీతలు పొట్టిగా, ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఇది నా చూపులో అన్నింటికన్నా సాధారణం. అలాంటి రోజున కాగితం పక్కన పెట్టి మళ్లీ సిరా నూరుకోండి, అవసరం లేకపోయినా సరే. చివరిది విచికిత్స, సందేహం. దీనివల్ల నేను మారుతున్నానా, ఊరికే కాగితాలు పాడుచేస్తున్నానా? ఈ సందేహం వచ్చిన రోజున కాగితం ఖాళీగానే ఉండిపోతుంది. ఒక్క గీత వేసి లేవండి. ఒక్కటైనా వేయడమే దానికి జవాబు.

వృత్తం

గీత కొంత అలవాటయ్యాక వృత్తం. జెన్‌లో దీన్ని ఎన్సో అంటారు. ఒకే ఊపులో, ఒకే కుంచెడు సిరాతో వేసే గుండ్రటి గీత. సెంగాయ్ ఒక వృత్తం వేసి, పక్కన దీన్ని తిని ఒక కప్పు టీ తాగమని రాశాడు. ఆయనకు అది శూన్యతా కావచ్చు, పిండివంటా కావచ్చు. ఆ చనువు నాకు చాలా ఇష్టం. ఈమధ్య ఎన్సోను లోగోలుగా, గోడ పోస్టర్లుగా చూసి చూసి అది ఏదో గంభీరమైన చిహ్నమని భయపడేవాళ్లు ఆ చిత్రాన్ని ఒకసారి చూడాలి.

వేసే పద్ధతి: కుంచె నిండా సిరా పట్టండి. కాగితం మధ్య భాగాన్ని చూడండి, కుంచె మొనను కాదు. కింద ఎడమవైపు నుంచి మొదలుపెట్టి, పైకి వెళ్లి చుట్టి రండి. చెయ్యి మొత్తం భుజం నుంచి తిరగాలి. మూసుకుంటుందా, సందు మిగులుతుందా అన్నది ముందే అనుకోవద్దు. రోజుకు మూడు చాలు. ముప్పై వేస్తే అది చేతి కసరత్తు అవుతుంది, చూడటానికి సమయం మిగలదు.

వృత్తం దగ్గర మనసు అందరిలోనూ ఒకే పని చేస్తుంది: చివరి పావుభాగంలో గీత మొదలైన చోటును వెతుకుతుంది. అక్కడ వంపు నలిగిపోయి, లోపలికి లాక్కున్నట్టు వస్తుంది. ఆ నలిగిన చోటును వేలితో తాకి చూసుకోండి. ముగించాలన్న ఆత్రానికి అంత స్పష్టమైన రూపం ఇంకెక్కడా దొరకదు.

రెండు వంకాయలు

ఇప్పుడు వస్తువులు. ముచీ వేసిన ఆరు పర్సిమన్ పండ్ల బొమ్మను ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. అసలు చిత్రం క్యోటోలోని దైతోకుజి ఆలయ ప్రాంగణంలో ఉంటుంది. 2023 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో దాన్ని ప్రదర్శించారు. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు కొందరైనా చూసి ఉంటారు. ఆరు పండ్లు, అంతే. బల్ల లేదు, నీడ లేదు, వెనక గోడ లేదు. రెండు చివర్లలో ఉన్నవి దాదాపు గీతలుగానే మిగిలాయి, నడుమ ఒకటి చిక్కటి నలుపు, ఒకటి వరుస తప్పి కాస్త ముందుకు జరిగింది. తొడిమలు మాత్రం ఒక్క దెబ్బలో వేసినట్టు పదునుగా ఉంటాయి.

మన వంటింట్లో దీనికి సరైన వస్తువు వంకాయ. రెండు తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. ఐదు నిమిషాలు కుంచె ముట్టకుండా చూడండి. కొంతసేపటికి వంకాయ అన్న పేరు వెనక్కి పోయి, మెరుపు ఎక్కడుంది, నలుపు ఎక్కడ ఎర్రబడుతోంది, తొడిమ ముళ్లు ఎటు తిరిగాయి అన్నవే మిగులుతాయి. కూరకు బాగుంటాయన్న ఆలోచన కూడా వస్తుంది, రానివ్వండి.

వేయడానికి కుంచెలోనే మూడు ఛాయలు పట్టాలి. ముందు కుంచెను పలుచటి సిరాలో ముంచండి, సగం దాకా మధ్యరకం సిరా పట్టించండి, చివరికి మొనను మాత్రం చిక్కటి సిరాలో అద్దండి. కుంచెను పక్కకు పడుకోబెట్టి, మొన కాయ అంచువైపు ఉండేలా ఒకే వంపులో లాగితే, చీకటి నుంచి వెలుతురు దాకా ఒక్క గీతలో వస్తుంది. రెండో వంపు దానికి ఎదురుగా. మధ్యలో మిగిలిన సన్నటి తెల్లటి సందే మెరుపు. కొంచెం ఆరనిచ్చి, గట్టి సిరాతో తొడిమ. మొత్తం ఐదారు గీతలు దాటకూడదు.

రెండు కాయలనూ కాగితం నడిమధ్యలో పెట్టకండి. ఒక మూలకు జరిపి మిగతాది వదిలేయండి. అలా వదిలేయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ఖాళీని చూస్తే ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. అమరావతి శిల్పుల్ని తలచుకోండి. అక్కడి తొలికాలపు ఫలకాల్లో బుద్ధుడి రూపం ఉండదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం, వాటి చుట్టూ చేతులు జోడించిన జనం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనో ఆ ఫలకాల ముందు నిలబడితే చూపు నేరుగా ఆ ఖాళీ చోటికే వెళుతుంది. చుట్టూ ఉన్న మనుషులంతా అటే చూస్తున్నారు కాబట్టి. మీ వంకాయలు కూడా కాగితం ఖాళీవైపు చూసేలా పెట్టి చూడండి, తొడిమ ఎటు తిప్పాలో తెలుస్తుంది.

ముగించే పద్ధతి

రాయిలో మిగిలిన సిరాను రేపటికి ఉంచకండి, మన ఎండలకు జిగురు కుళ్లి వాసన వస్తుంది. రాయిని సబ్బు లేకుండా మంచినీళ్లతో కడగండి. కుంచెను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మొన కలిపి, తల కిందకు వచ్చేలా వేలాడదీయండి. గ్లాసులో నిలబెడితే నీరు మొదట్లోకి దిగి జిగురు వదిలిపోతుంది. ఇదంతా సాధనలో భాగమే, తొందరగా తేల్చేసి లేవవద్దు.

బొమ్మలను ఆ పూట ఎవరికీ చూపించకండి, ఫోటో తీయకండి. లైకుల సంగతి వస్తే ఇంత కష్టపడి చూసిన తీర్పు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. నెలకోసారి అన్నీ నేల మీద పరిచి తేదీల వారీగా చూడండి. రెండో మూడో ఉంచుకుని మిగతావి వదిలేయండి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే దీక్షాక్రతువు జరిపారు. కాలచక్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి ప్రాంతంలోనే, అని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. ఆ క్రతువులో భిక్షువులు రోజుల తరబడి రంగు ఇసుకతో మండలం వేస్తారు, పూర్తయ్యాక ఊడ్చి నీళ్లలో కలుపుతారు. మనకు అంత నిష్ఠ అవసరం లేదు. న్యూస్‌ప్రింట్‌ను చిత్తుకాగితాల్లో వేస్తే చాలు. వేసే ముందు ఒక్కో కాగితం దగ్గర మళ్లీ "నచ్చింది", "నచ్చలేదు" వస్తుంది, దాన్నీ చూడండి. మొదటిరోజు అసహ్యంగా అనిపించినది నెల తర్వాత బాగుండటం తరచూ జరుగుతుంది. కాగితం అదే, వేదన మారింది.

జాగ్రత్త ఒకటి

మనసు బాగా కుంగి ఉన్నప్పుడు, పాత గాయాలు పైకి వస్తున్నప్పుడు ఒంటరిగా ఇంతసేపు లోపలికి చూడటం అందరికీ మంచిది కాదు. గీత ముందు కూర్చుంటే ఊపిరి ఆడనంత దిగులు వస్తుంటే, చూడటం ఆపి ఊరికే బొమ్మలు వేసుకోండి, రంగులు వాడండి. నిద్ర, తిండి దెబ్బతింటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ సాధన వైద్యానికి బదులు కాదు.

తర్వాత ఏం వేయాలి

మూడు నెలలు గడిచాక వెదురు మొదలుపెట్టవచ్చు. కాండం ఒక్కో కణుపూ ఒక్కో గీత: నొక్కడం, లాగడం, ఆపడం. మీరు వేసిన అడ్డగీతే ఇప్పుడు నిలువుగా వస్తుంది. ఆకులు మొన మీద వేగంగా. ఆ తర్వాత కొండలు, మబ్బు. సెషూ 1495లో వేసిన చిందు సిరా కొండల చిత్రం అప్పుడు చూడండి, ముందు చూస్తే అర్థం కాదు. మంచి కాగితం కొనడానికీ అదే సమయం.

టిబెట్ థంకా చిత్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం ఈ దారిలో అక్కడికి చేరలేరు. అందులో దేవతామూర్తుల కొలతలన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి, గళ్లు గీసుకుని వేయాలి, కళ్లు చివర్లో తెరుస్తారు. సొంత చేతివాటానికి అక్కడ చోటు తక్కువ. దానికి గురువు దగ్గర సంవత్సరాల శిక్షణ కావాలి.

ఇంట్లో పిల్లలో, భర్తో, భార్యో కలుస్తామంటే కలవనివ్వండి. ఒకే బల్ల, ఎవరి కాగితం వాళ్లది, మాటలు లేవు. ఒక్క షరతు పెట్టుకోండి: పక్కవాళ్ల బొమ్మ గురించి ఆ గంటలో ఎవరూ బాగుందని కూడా అనకూడదు.